చెవిటి ఊట

వంతెననూ పిండిమిల్లునూ, మిల్లు గుమ్మంలో పడుకున్న మిల్లువాడి కుక్కనూ ఎత్తుకుపోయిన వరద వచ్చి వెళ్ళాక రెండో ఎండాకాలం అది. జూన్ ఆఖర్లో వచ్చే పేతురు పండగ నాటి మధ్యాహ్నం, బెనహూరా ఊరంతా పండగ భోజనం చేసి తలుపులు దగ్గరగా వేసుకుని కునుకు తీస్తున్న వేళ, కసియానో ఒక్కడూ చెవిటి ఊట ముందు బండమీద కూర్చుని ఉన్నాడు, ఒళ్ళో శంఖం పెట్టుకుని, ఎండిపోయిన రాతి మూతిని చూస్తూ. మూతి అంటే పెద్దదేమీ కాదు, మనిషి పిడికిలి పట్టేంత సందు. దాని కింద ఎన్ని తరాల నీళ్ళు అరగదీశాయో తెలియని రాతి పెదవి, పెదవి కింద తొట్టి, తొట్టి పక్క గోడకి మేకు, మేకుకి గొలుసుతో వేలాడే రేకు లోటా, దారిన పోయేవాళ్ళెవరైనా తాగడానికి. లోటాలో ఇప్పుడు సాలీడు గూడు కట్టింది. తొట్టి నిండా నిరుడు రాలిన అక్రోటు ఆకులు. సాయంత్రం గంట మూడు దెబ్బలూ మోగేలోపు ఈ మూతిలోంచి నీళ్ళు రాకపోతే రేపు పొద్దున కొండమీద కాలువకి కట్టిన అడ్డు తీసేస్తారు. మిగిలిన కాసిని మంచునీళ్ళు తిన్నగా సిమెంటు కాలువలో దిగి పైచేలను తడుపుతాయి, కిందిచేల దాకా రావు. ఇక పైవాళ్ళ దారి పైవాళ్ళది, కిందివాళ్ళ దారి కిందివాళ్ళది. ఒకే కాలువ తాగి బతికిన ఊరు రెండు ఊళ్ళయిపోతుంది. చర్చి గుమ్మం ముందు అందరూ ఒప్పుకున్న మాట అది. నీళ్ళు వస్తాయని పూచీ పడింది మాత్రం కసియానో ఒక్కడే, అంతకుముందు ఏ సభలోనూ నోరు విప్పని కసియానో.

ఎందుకు విప్పాడో అతనికి ఇప్పటికీ తెలియదు. ఎండ బండమీద నుంచి పైజామాలోకి పాకుతోంది, తొడలు చురుక్కుమంటున్నాయి, అయినా జరిగి కూర్చోవాలనిపించడం లేదు, జరిగితే ఆ క్షణంలోనే నీళ్ళు వచ్చి తను చూడకుండానే పోతాయేమోనన్నట్టు. పిచ్చి. నీళ్ళు వస్తే పోవు. ఒక కందిరీగ వచ్చి రాతి పెదవి మీద వాలింది, అటూ ఇటూ నడిచింది, మూతిలోకి తొంగి చూసింది, లేచి కొండ భుజం చుట్టూ తిరిగి బావమరిది ఎలాదియో ఇంటివైపు వెళ్ళిపోయింది. తడి లేని రాయిమీద దానికేం పని. నిరుడు ఆగస్టులో కూడా కందిరీగలే ముందు చెప్పాయి. ధార దారమై, దారం చుక్కలై, చుక్కలు కూడా ఆగిపోయి, తడి మిగిలిన చోట కందిరీగలు మూగి, రెండు రోజుల్లో అవి కూడా వెళ్ళిపోయాక అక్రోటు చెట్టు పచ్చగా ఉండాల్సిన నెలలో పసుపెక్కింది. అప్పటిదాకా ఊరంతా మురిసిపోతూ ఉంది, కొత్త కాలువను చూసుకుని. మురవరూ మరి, వరద పాత కాలువను కొండ అంచు నుంచి గోకి పారేస్తే, చలికాలమంతా ఇంటికొక మనిషి చొప్పున మంచులో నిలబడి రాయి మోసి, ఇసుక మోసి, కొత్తది కట్టుకున్నారు. తాపీ పని ఎలాదియోది. కసియానో భార్య విర్తూదెస్‌కి తమ్ముడు, ఊళ్ళో మంచి తాపీమేస్త్రీ, అతని చేతికింద సిమెంటు మీగడలా కూర్చునేది. చుక్క కారకూడదు బావా, అనేవాడు, మా నాన్న కాలువ సగం నీళ్ళు కొండకే తాగించేది, చూడు, నా కాలువ ఎలా ఉంటుందో. కసియానో ఇసుక జల్లించి అందించాడు. అందరూ అందించారు. నిజంగానే చుక్క కారలేదు. కాలువ చివరి దాకా గలగలమంటూ వచ్చింది, పైచేల్లో దుంపలు పిల్లాడి తలకాయంత ఊరాయి, ఎలాదియోని భుజాల మీద ఎక్కించుకుని సారాకొట్టు దాకా మోశారు. ఆ మోసిన భుజాల్లో కసియానోది ఒకటి, ఎడమది, ఆ నొప్పి ఇంకా ఉంది.

"కొండ కడుపు కదిలింది బావా, వరదకి. ఊట చచ్చిపోయింది. పోయినోళ్ళని పట్టుకుని ఎన్నాళ్ళు ఏడుస్తాం?" అన్నాడు ఎలాదియో సభలో. అదీ నిజమే కావచ్చు. కొండ లోపల ఏముందో చూసొచ్చినవాడెవడు. కసియానో చదివిన మూడేళ్ళ బడిలో ఒకసారి పంతులుగారు నల్లబల్ల మీద సుద్దతో కొండ గీశారు, కొండమీద మంచు, మంచులోంచి ఏరు, ఏటి చివర సముద్రం, సముద్రం మీద మబ్బు, మబ్బు మళ్ళీ కొండమీదికి. అన్నీ గీశారు గానీ కొండ లోపల ఏమీ గీయలేదు, నల్లగా వదిలేశారు. లోపలేముంటుందండీ అని ఎవరో అడిగితే ఆయన సుద్ద పట్టుకుని చాలాసేపు బల్లవైపే నిలబడ్డారు. తర్వాత, నాకూ అదే అర్థం కాదురా అని చేతులు దులుపుకున్నారు. కసియానోకి బడి నుంచి గుర్తున్నది ఆ నల్లటి కొండ ఒక్కటే. లెక్కలు మర్చిపోయాడు, ప్రార్థనల్లో సగం మర్చిపోయాడు. ఆ నలుపు మాత్రం పెరుగుతూ వచ్చింది. సభలో లేచి నిలబడ్డప్పుడు కూడా కళ్ళముందు అదే ఉంది. "దానికి మనం తిండి పెట్టలేదు," అన్నాడు. "మామ బ్లాస్ నీరుగంటిగా ఉన్నప్పుడు ఏటేటా ఇసిద్రో పండగనాడు నీళ్ళన్నీ రాళ్ళబీట్లో ఇంకనిచ్చేవాడు. కాలువ కారేది. ఆ కారిందీ ఇంకిందే దాని తిండి. నిరుడు మనం నీళ్ళు ఇంకించలేదు, కాలువా కారలేదు." ఇంకేదో చెప్పాలని ఉంది గానీ మాటలు అయిపోయాయి. ఎలాదియో మొహం జేవురించింది. "మా నాన్న చెప్పింది మా నాన్న కొడుక్కే చెప్తున్నావా? అయితే నా సిమెంటు పగలగొట్టి, పండుతున్న చేలు ఎండబెట్టి, నీళ్ళు మట్టిపాలు చేద్దాం. వస్తాయని పూచీ ఎవరిది?"  చర్చి కప్పుమీద పావురం గొంతులోనే కూసింది. నాది, అన్నాడు కసియానో. ఇంటికొచ్చాక విర్తూదెస్ చాలాసేపు అతన్నే చూసింది. "నీ దగ్గర ఇన్ని మాటలున్నాయా? ఇన్నేళ్ళూ ఎక్కడ దాచావయ్యా? నువ్వూ ఆ చెవిటిదీ ఒకటే, మేలో అడిగితే జూన్ ఆఖర్లో పలుకుతారు."

చెవిటిది. ఆ పేరు ఎవరు పెట్టారో గానీ సరిగ్గా పెట్టారు. పైన నీళ్ళు వదిలిన రోజున కింద ఏ చలనమూ ఉండదు, పిలిచి పిలిచి విసిగిపోయి మనిషి మర్చిపోయే వేళకి, ఆఁ, ఏంటీ, అన్నట్టు పలుకుతుంది. దాని దగ్గర శంఖం పట్టుకుని కూర్చోవడమంటే చెవిటివాడి ముందు శంఖం ఊదినట్టే కదా అని సారాకొట్టు దగ్గర కుర్రాళ్ళు నవ్వుకున్నారు, అతనికి వినిపించేలాగే. నవ్వుకోనీ. ఈ శంఖం మామ బ్లాస్‌ది, తీరం నుంచి ఉప్పుచేపలు అమ్మొచ్చేవాడి దగ్గర కొన్నది, కొన చెక్కేసి ఊదుడుకి పనికొచ్చేలా చేసుకున్నది. ఇలాంటిదే ఇంకొకటి కొడుక్కీ ఇచ్చాడాయన. ఎలాదియోకి ఊదడం ఏనాడూ రాలేదు, కడుపునొప్పి వచ్చిన గాడిదలా ఉండేది. ఆడపిల్లకి శంఖమెందుకని ఇవ్వకపోయినా విర్తూదెస్ దొంగతనంగా ఊదేది, లోయ అవతలి మేకలు తలెత్తి చూసేవి. ఆ ఊదుడు విని కసియానో కూడా తలెత్తాడు ఒకప్పుడు. అలా మొదలైంది వాళ్ళ కథ, కానీ ఇప్పుడు దాని గురించి కాదు. ఇప్పుడు దేని గురించి. నీడ ఇంకా తొట్టి అవతలే ఉంది. నీడ తొట్టి దాటి మేకు దాకా వస్తే గంట కొట్టే వేళ. శంఖం నున్నగా, లోపల గులాబీరంగుగా, పసిపిల్ల చెవిలా ఉంది. నీళ్ళు ముందు ఎవరు చూస్తే వాళ్ళు ఊదాలి. ఊదకముందు నీళ్ళు కొండవి, ఊదాక ఊరివి. మామ ఇంతకు మించి చట్టం చెప్పలేదు. ఊదనివాళ్ళ గురించి అడిగితే, ఊరి చివర కప్పు కూలిన ఇంటివైపు గడ్డం ఎగరేసి చూపించేవాడు. ఎప్పుడో తాతల నాడు ఆ ఇంటి నేలమాళిగలో ఊట పడిందట. ఇంటాయన ఎవరికీ చెప్పలేదట, నా గోడల మధ్య పుట్టింది నాదే కదా అని. పెరట్లో కూరలు పండించుకున్నాడట, కింద పొరుగువాళ్ళ చెట్లు ఎండిపోతుంటే. శిక్ష ఎవరూ వేయలేదు. గోడల మధ్య పుట్టింది అతనిదే, ఆ మాట నిజమే. ఆ ఇంటితో మాట్లాడ్డం మాత్రం మానేశారు, అంతే, పెళ్ళికీ చావుకీ కూడా. మూగిల్లు అంటారు దాన్ని ఇప్పటికీ.

ఈ ఏడు మేలో ఇసిద్రో పండగనాడు ఊరంతా కొండెక్కింది, పగలగొట్టిన సిమెంటు చూడ్డానికి కొందరు, ఎలాదియో మొహం చూడ్డానికి కొందరు. ఆచారం ప్రకారం ఇంటికొక గరిక పెళ్ళ, ఎవరి చేను గట్టున వాళ్ళు కోసుకుని గంపలో మోసుకొచ్చింది, కాలువకి అడ్డంగా పెట్టాలి. అడ్డు ఒక్కడే కడితే రేపు తప్పు ఒక్కడిదవుతుంది, అందరూ పెడితే ఎవరూ వేలెత్తి చూపలేరు. ఎలాదియో రాడనుకున్నారు. వచ్చాడు, అందరికంటే పెద్ద పెళ్ళ కంచర గాడిద మీద వేసుకుని. పైచేలన్నిటిలోకీ మంచి దుంపచేను అతనిది, ఈ నీళ్ళు మళ్ళితే ముందు ఎండేది అదే. పెళ్ళను దించి, కాలువలో పెట్టి, చెప్పుకాలితో తొక్కి గట్టిపరిచాడు. "పిచ్చిపనైనా వంకర లేకుండా చేయాలి," అన్నాడు, పక్కవాడి పెళ్ళ సరిగ్గా లేదని దాన్ని కూడా సరిచేసి. అప్పుడు కాలువ ఉబ్బింది, తల తిప్పింది, పగలగొట్టిన గోడ దాటి రాళ్ళబీట్లోకి నడిచింది. కసియానో ఆ దృశ్యం చిన్నప్పటి నుంచీ చూస్తున్నాడు, ఏటేటా మొదటిసారి చూసినట్టే ఉంటుంది. ఒక ఏరంత నీళ్ళు, మంచులోంచి అప్పుడే పుట్టి పళ్ళు జిల్లుమనిపించే నీళ్ళు, ముళ్ళపొదల మధ్య నుంచి రాళ్ళమీదికి వెళ్తాయి. అక్కడ కొండ తాగేస్తుంది. గుంట కట్టదు, బురద కాదు, చప్పుడు కూడా లేదు. నడుస్తూ నడుస్తూ ఏరు సన్నబడి, ఇంకా సన్నబడి, ఒక రాయి పక్కన ఆగిపోతుంది, అవతల పొడి మట్టి, ఆ మట్టిలో చీమలు. పొద్దల్లా, రాత్రల్లా, వారాల తరబడి పోసినా అంతే. ఆడవాళ్ళు మాటలు ఆపేశారు. పసిపిల్లలు కూడా అరవలేదు. ఎవడో టోపీ తీశాడు, ఆ తర్వాత అందరూ తీశారు, పీనుగును దింపుతున్నట్టు. ఎలాదియో మాత్రం తీయలేదు. కానీ వెనక్కి తిరిగేముందు ఆ ఆఖరి రాయి దగ్గరికి వెళ్ళి వంగి, పొడిమట్టి మీద అరచేయి ఆనించి చూశాడు. ఆ సంగతి కసియానో చూశాడు, ఎవరితోనూ అనలేదు.

ఆ నీళ్ళు ఇప్పుడెక్కడున్నాయి.  ఊరంతటి తిండి, ఇన్ని వారాలుగా, ఈ కొండ లోపల, కాపలా లేకుండా, వంతు లేకుండా, దీపం లేకుండా నడుస్తోంది. అక్కడ నీరుగంటి లేడు, నీ వంతు అయిపోయింది మడవ కట్టు అనేవాడు లేడు. అయినా దానికి దారి తెలుసు. తెలుసా. ఈ కాలువ మొదట తవ్విన వాళ్ళకి తెలుసు, ఏ రాళ్ళమీద పోస్తే ఎక్కడ పలుకుతుందో. వాళ్ళని మతం వేరని రాజులు దేశం నుంచి వెళ్ళగొట్టారు, వాళ్ళ ఇళ్ళలో మన తాతముత్తాతల్ని ఉత్తరం నుంచి తెచ్చి పెట్టారు. ఊరికి రెండు కుటుంబాలని మాత్రం ఉంచేశారని చెప్తారు, కొత్తవాళ్ళకి నీళ్ళ నడక నేర్పడానికి. ఆ రెండు కుటుంబాలు ఎలా నేర్పాయో. తమ వాళ్ళనందర్నీ తోలేసిన చోట, తమ బంధువుల ఇళ్ళలో కాపురాలు పెట్టిన వాళ్ళకి, ఇదిగో ఇక్కడ పోయండి, ఇన్నాళ్ళు ఆగండి, అక్కడ తాగండి అని చేయి పట్టి చూపించడానికి ఎంత గుండె కావాలి. తప్పు చూపించి పోవచ్చు, ఎవరికి తెలుస్తుంది, కొండ లోపల చూసేదెవరు. చూపించలేదు. సరైన చోటే చూపించారు. వాళ్ళ ఎముకలు ఎక్కడున్నాయో గుర్తు కూడా లేదు గానీ, వాళ్ళ మాట మీద ఇన్ని వందల ఏళ్ళు ఊరు తాగింది. వాళ్ళ పూచీ ముందు తన పూచీ ఎంతది. గింజంత. ఆ గింజంతదే ఇప్పుడు గుండెల్లో అడ్డంపడి కిందికి దిగడం లేదు.

లేచి వెళ్ళి బండకి చెవి ఆనించాడు. లోపల హోరు. గబుక్కున ఆశ లేచింది, వెంటనే మామ గొంతు, బండకి చెవి పెట్టకురా అల్లుడూ, నీ నెత్తురు నీకే వినిపిస్తుంది, దాన్ని నీళ్ళనుకుంటావు. నిజమే. ఊపిరి బిగపడితే హోరు పెరిగింది. తన నెత్తురే. ఇదీ ఎక్కడిది, మంచుదే కదా, ఈ కొండమీదదే, ఎన్నేళ్ళు తాగాడు. వెనక అడుగుల చప్పుడైంది. ఆంగుస్తియాస్, కాలువ ఆఖరి మడి ఆమెది, మొగుడు పోయాక ఒక్కతే చేసుకుంటోంది. చంకలో కుండ. పండగ బట్టల మీదే వచ్చింది. ఎండిన మూతిని చూసి, కసియానోని చూసి, కుండను తెచ్చి రాతి పెదవి కింద సర్ది పెట్టింది, ధార పడుతున్నప్పుడు పెట్టినంత ఒద్దికగా.

"రాలేదు," అన్నాడు కసియానో.

"కనపడుతూనే ఉందిగా అన్నా. వచ్చాక వరసలో నిలబడేబదులు ముందే పెట్టుకుంటే పోలా." నీడలో చతికిలబడి కొంగుతో మొహం తుడుచుకుంది. "నీ మాట నమ్మి నా చిక్కుళ్ళు చచ్చిపోయినయ్. శనగలు సగం చచ్చినయ్. ఆ మిగతా సగానికి ఏటి నుంచి కుండలు మోసి మోసి నా నడుం చచ్చింది." కొంగు దులుపుకుని, "తిట్టడానికి రాలా. ఇంట్లో ఒక్కదాన్నే ఉంటే గంట కోసం చెవులు రిక్కించుకుని కూచుంటున్నా. ఇక్కడైతే ఇద్దరం."

కసియానో రొట్టెముక్క విరిచి సగం ఆమెకిచ్చాడు. నమలడానికి నోట్లో తడి లేదు ఇద్దరికీ. ఎలాదియో కూడా వచ్చిపోయాడు పొద్దున, చర్చిలో పూజకి వెళ్తూ, తెల్లచొక్కా, నూనె రాసిన జుట్టు. "ఏం బావా, ఏమంటోంది మీ చెవిటామె? కబురేమన్నా చెప్పిందా?" అన్నాడు. అలవాటుగా తనే కొనసాగించాడు. "నా గాడిదకీ నీ బుద్ధే వచ్చింది. కొత్త కొట్టం కట్టి, అద్దంలాంటి సిమెంటు నేల వేయిస్తే, వారమైంది, పడుకోదు. నిలబడే ఉంటుంది. అరవదు, కరవదు, నీలాగే నేల చూస్తా నిలబడుతుంది. ఇద్దర్నీ కలిపి కట్టేస్తే కాలక్షేపం." నవ్వాడు గానీ కళ్ళకింద నలుపు ఉంది. అతని దుంపచేను ఆకులు గొంగళ్ళలా ముడుచుకుపోయి వారమైంది. దారిలో అటు తిరిగి చూడకుండా వెళ్తాడు. ఇంత పెద్ద పెళ్ళ మోసుకొచ్చి తన చేను తనే ఎండబెట్టుకున్నవాడు, ఎన్ని మాటలన్నా అనొచ్చు, అనుకున్నాడు కసియానో అప్పుడు. ఇప్పుడూ అదే అనుకున్నాడు. అరడజను కందిరీగలు వచ్చాయి, తొట్టిని చూసి, అన్నీ ఒకే దారిన కొండ భుజం చుట్టూ ఎలాదియో ఇంటివైపే వెళ్ళాయి. అక్కడ అంజూరాలు మగ్గుతున్నట్టున్నాయి.

నీడ తొట్టి అంచు దాటింది. నీడ ఇంత తొందరగా నడుస్తుందని అతనికి తెలియదు, చేలో పనిలో ఉన్నప్పుడు అదెప్పుడూ బద్ధకంగానే కనపడేది. దిగువన కిందిచేలు మెట్లు మెట్లుగా ఏటి దాకా దిగుతున్నాయి, ప్రతి మెట్టుకీ రాతి కట్టుడు, ఆ రాయీ ఎవరో మోసిందే, ఆ మట్టీ ఎవరో గంపల్లో మోసి పోసిందే, ఈ లోయలో మోసి సరిపెట్టలేనిది నీళ్ళొక్కటే. అవి మాత్రం తమంతట తాము నడిచి రావాలి. రేపు అడ్డు తీసేస్తే వచ్చే ఏడు ఆంగుస్తియాస్ ఉండదు, చెల్లెలి దగ్గరికి పట్నం పోతుంది, ఆమె గట్టు కూలుతుంది, దానిమీది గట్టు దానిమీద కూలుతుంది, అలా మెట్టు మెట్టూ పైకి, పైచేల దాకా. పైవాళ్ళకి అది తెలియదా. తెలుసు. దాహానికి తెలియదు. భయం వేసింది. నీళ్ళు రావేమోనన్న భయం కాదు, అది ఎప్పుడో పాతబడింది. వచ్చి ఉండి, లోపలే ఎక్కడో, గోడకి అవతల, చేతికి అందేంత దూరంలో, చీకట్లో నిలబడి, తలుపు కనపడక తిరుగుతున్నాయేమోనన్న భయం. చేయి చాపి మూతిలోకి దూర్చాడు, మోచేతి దాకా. రాయి చల్లగా ఉంది. చల్లగా, కానీ పొడిగా. "ఏంటన్నా, దూడ అడ్డం తిరిగిందా?" అంది ఆంగుస్తియాస్. అనేసి నవ్వింది, నవ్వు మధ్యలోనే ఆగిపోయింది, ఎందుకంటే కింద వీధిలో క్రిస్పిన్ కుంటుకుంటూ చర్చివైపు నడుస్తున్నాడు. గంట కొట్టేది అతనే.

చేయి బయటికి తీశాడు. శంఖాన్ని ఎత్తి, లోపలికి దుమ్ము పోకుండా టోపీలో చుట్టాడు. ఇక దాంతో పని లేదు. నీడ మేకుని తాకింది. మొదటి గంట మోగింది, కొండకి తగిలి తిరిగొచ్చింది. రెండోది. ఆంగుస్తియాస్ లేచి కుండ తీసుకోవడానికి వంగింది, వంగి, తీసుకోకుండా అలాగే ఉండిపోయింది. మూడోది మోగాలి. మోగలేదు. దాని బదులు ఇంకేదో మోగింది, కొండ భుజం అవతల నుంచి, బొంగురుగా, వంకరగా, తెగుతూ, మళ్ళీ లేస్తూ. కసియానో మొదట గాడిద అనుకున్నాడు. కడుపునొప్పి వచ్చిన గాడిద. అంత అసహ్యంగా శంఖం ఊదగలిగినవాడు ఈ లోయలో ఒక్కడే ఉన్నాడు.

పరుగెత్తడం అతను ఎప్పుడో మానేశాడు. ఆ దారిలో ఎలా వెళ్ళాడో గుర్తు లేదు. వెనక ఆంగుస్తియాస్ చెప్పులు, కుండ రాయికి తగిలిన చప్పుడు, ఇళ్ళ తలుపులు తెరుచుకోవడం, ఎవరో ఏమైందనడం. ఎలాదియో కొట్టం తలుపు బార్లా తీసి ఉంది. గుమ్మంలో గుంపుగా కందిరీగలు. లోపల అద్దంలాంటి సిమెంటు నేల నడుమ పొడుగునా పగిలి పెంకులు లేచింది, ఆ పగులులోంచి నీళ్ళు, ధార కాదు, పొంగు, అన్నం ఉడికేటప్పుడు మూత ఎత్తినట్టు మెత్తగా లేచి, ఇసుకరేణువుల్ని ఆడిస్తూ, గిట్టల చుట్టూ తిరిగి గడప కింది నుంచి వెతుక్కుంటూ బయటికి పోతున్నాయి. గాడిద చీలమండ దాకా నీళ్ళలో నిలబడి, ఇప్పటికి తెలిసిందా మీకు అన్నట్టు చూసింది. మూల గడ్డికట్ట మీద ఎలాదియో కూర్చుని ఉన్నాడు, పండగ పంట్లాం మోకాళ్ళ దాకా తడిసి, తండ్రి శంఖం చేతిలో, పెదవులు ఉబ్బి, మొహం బీట్‌రూట్‌లా. అతను చెప్పిందీ నిజమే, కొండ కడుపు కదిలింది. కసియానో చెప్పిందీ నిజమే. కొండ ఇద్దరి మాటా విని, తన దారిన తను వచ్చింది. కసియానో వంగి దోసిట్లో పట్టి తాగాడు. చిన్నప్పటి నుంచీ ఎరిగిన ఇనుప రుచి, నాలిక చివర తుప్పు మేకు పెట్టుకున్నట్టు. చెవిటిదే. సందేహం లేదు. కళ్ళు మూసుకున్నాడు. ఇన్ని వారాలు. ఆ ఆఖరి రాయి పక్కన మాయమైనవి, ఆ నల్లటి కొండంతా నడిచి.

"బావా," అన్నాడు ఎలాదియో.  "నిద్ర లేచి వచ్చేసరికి ఇట్టా ఉంది. అప్పటికింకా ఎండ గుమ్మంలోనే ఉంది." గుమ్మం వైపు చూశాడు. ఎండ అక్కడ నుంచి పోయి చాలాసేపైంది. "శంఖం తీసుకొచ్చి ఇక్కడ కూచున్నా. వెంటనే ఊదలా. ఊదబుద్ధి కాలా. నా చేను చూసుకున్నా, నా గోడలు చూసుకున్నా. గంట విన్నాక..." ఆగాడు. గుమ్మం బయట అప్పటికే మనుషులు మూగారు, పైవాళ్ళూ కిందివాళ్ళూ, ఎవరూ లోపలికి రావడం లేదు, పరాయివాడి కొట్టం గడప కదా.

"ఊదావుగా," అన్నాడు కసియానో.

"ఎంత దరిద్రంగా ఊదావురా తమ్ముడూ!" అంది గుమ్మంలోంచి విర్తూదెస్, కళ్ళనీళ్ళు తుడుచుకుంటూ. "నాన్న వింటే మళ్ళీ చచ్చేవాడు." అప్పుడు అందరూ నవ్వారు, ఎలాదియో కూడా, నవ్వుతూ నవ్వుతూ అరచేతులతో మొహం కప్పుకున్నాడు. ఆంగుస్తియాస్ గడప దగ్గర ఆగి, ఎడమకాలి చెప్పు వదిలి, కుడికాలి చెప్పు వదిలి, లోపలికొచ్చి, పగులు పక్కన కుండను ఒద్దికగా పెట్టింది.

మర్నాడు పొద్దున, ఇంకా ఎవరూ లేవకముందే, కసియానో పాత ఊట దగ్గరికి వెళ్ళాడు. తొట్టిలో ఆకులు తీసేశాడు, ఏటేటా తీసినట్టే. లోటాలోంచి సాలీడును గడ్డిపరక మీదికి ఎక్కించి గోడమీద వదిలాడు. తర్వాత రాయితో కొట్టి మేకును వదులు చేసి, పీకి, మేకూ గొలుసూ లోటా పట్టుకుని కొండ భుజం తిరిగి వెళ్ళాడు. ఎలాదియో అప్పటికే లేచి, కొట్టం గడపను పలుగుతో పగలగొడుతున్నాడు, నీళ్ళకి దారి పెద్దది చేయడానికి.  కసియానో తలుపు పక్కన, వీధివైపు గోడమీద, దారిన పోయేవాళ్ళ చేతికి అందే ఎత్తు చూసి మేకు దిగ్గొట్టాడు, లోటా తగిలించాడు. ఎలాదియో పలుగు దించి, ఆ మేకువైపు చూశాడు, తన గోడవైపు చూశాడు. "వంకరగా కొట్టావు," అన్నాడు. మేకు పీకి, తిన్నగా కొట్టి, లోటాను మళ్ళీ తగిలించాడు.